జేన్ ఐర్ కథయు, మన ఆడపడుచుల వాటాయు

నవలలు చదువుట పనిలేనివారి కాలక్షేపమని తలచు పెద్దలు మన కుటుంబములలో నేటికిని కలరు. అందును స్త్రీలు వ్రాసిన నవలలు, పేదపిల్లకు అనుకొనని ఆస్తి కలిసివచ్చెడి నవలలు వారికి మఱింత చులకన. అట్టి నవల యొకదానిని గూర్చి మా పళ్ళికొండలోని కొన్ని తెలుగు కుటుంబములవారు వెలిబుచ్చిన అభిప్రాయములను విన్నపిమ్మట మౌనము వహింపజాలక ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము. వారు మాటలాడినది ఆంగ్లదేశపు కథను గూర్చియే. కాని విన్నకొలదియు ఆ మాటలు మన యిండ్ల ఇనుపపెట్టెలలోని పత్రములను గూర్చినవే యని మాకు తోచినది.

ఆ నవల పేరు ‘జేన్ ఐర్’. షార్లెట్ బ్రాంటీ యను రచయిత్రి దీనిని 1847వ సంవత్సరమున కరర్ బెల్ అను మారుపేరుతో ప్రకటించినది. స్త్రీ వ్రాసినదని తెలిసినచో విమర్శకులు తక్కువచూపు చూతురని శంకించి, పురుషుడో స్త్రీయో తేలని పేరు పెట్టుకొన్నది. మన దేశమున ఈ కథ 1952లో ‘సంగ్‌దిల్’ అను హిందీ చిత్రముగను, 1969లో మన కాంచన నటించిన ‘శాంతి నిలయం’ అను తమిళ చిత్రముగను రూపు మార్చుకొని వచ్చినది. రాయవేలూరి కళాశాలలో ఆంగ్ల సాహిత్యము చదువుచున్న మన పిల్ల యొకతె సెలవులకు ఇంటికి వచ్చి, ఒక సాయంకాలము వీధి అరుగుమీద చేరిన ఇరుగుపొరుగులకు ఈ కథను తెలుగున చెప్పినది. చదివినవారు ఇద్దఱు ముగ్గురు, విన్నవారు పదిమంది, అభిప్రాయములు మాత్రము అందఱికిని కలవు.

కథ ఎఱుగనివారి కొఱకు క్లుప్తముగా చెప్పెదము. జేన్ తల్లిదండ్రులు లేని పిల్ల. మేనమామ చనిపోగా, ఆయన భార్యయైన శ్రీమతి రీడ్ ఇంట తిట్లు తినుచు పెరిగినది. అనాథ బాలికల పాఠశాలలో చదివి, అచటనే ఉపాధ్యాయినియై, పిదప రాచెస్టరు అను భూస్వామి ఇంట ఏటికి 30 పౌండ్ల జీతముమీద ఒక బాలికకు చదువు చెప్పుటకు కుదిరినది. ఆయన ఆమెను పెండ్లాడగోరెను. తీరా పెండ్లి సమయమున, ఆయనకు మతి చలించిన భార్య యొకతె కలదనియు, ఆమె ఆ యింటి పైయంతస్తులోనే బంధింపబడి యున్నదనియు బయటపడినది. జేన్ ఆ యిల్లు విడిచి, తిండి లేక తిరిగి, ఒక యింటి గడపలో సొమ్మసిల్లగా, ఆ యింటి అన్నయు ఇద్దఱు చెల్లెండ్రును ఆమెను ఆదరించిరి. ఆమె అచట పల్లెటూరి బడిలో పాఠములు చెప్పుకొనుచుండగా, మదీరా ద్వీపమున వర్తకము చేసిన తండ్రి సోదరుడు మరణించి, 20,000 పౌండ్ల ఆస్తిని ఆమెకే వ్రాసిపోయినట్లు వార్త వచ్చెను. తన్ను ఆదరించిన ఆ ముగ్గురును తన మేనత్త బిడ్డలే యనియు అప్పుడే తెలిసినది. జేన్ ఆ ధనమును నాలుగు సమభాగములు చేసి, తలకు 5,000 పౌండ్ల చొప్పున పంచినది.

ఇక మనవారి అభిప్రాయములు. ఒక పెద్దమనిషి, “ఎక్కడో సముద్రమున కావల నున్న చుట్టము ఆస్తి వ్రాసిపోవుట కట్టుకథ, ఇట్టివి చదివి ఆడపిల్లలు పగటికలలు కందురు” అనెను. వేఱొకరు, “ధనము రాగానే ఆడదానికి స్వాతంత్ర్యము తలకెక్కును, ఆ పిల్ల పెండ్లికి వచ్చిన మేనబావను కాదనలేదా?” అనిరి. మూడవవారు, “చేతికి వచ్చిన సొమ్ము నాలుగు ముక్కలు చేసినది, వట్టి వెఱ్ఱిది” అని నవ్విరి. ఒక గృహిణి, “ఆమెకు కట్నమిచ్చువారు లేరు గనుక ఆస్తి వచ్చినది, మాకు పుట్టింటివారు కట్నమిచ్చి పంపిరి గదా, ఇంకేమి వాటా?” అనినది. వీరందఱు చెప్పిన పిమ్మట, అంతవరకు ఒత్తులు చేసికొనుచు కూర్చున్న ఒక ముసలమ్మ తల యెత్తి, “హఠాత్తుగా వచ్చినదందు రేమి? మూడేండ్ల క్రిందటనే ఉత్తరము వచ్చినది గదా. దాచినవారు దాచిరి” అనినది.

ఆ ముసలమ్మ పక్షమే మా పక్షము. కథలో నున్న ముచ్చట ఆమె ఒక్కతెయే గుర్తు పెట్టుకొన్నది. మదీరా లోని తండ్రి సోదరుడు తనకు బిడ్డలు లేనందున జేన్‌ను పెంచుకొని, తన ఆస్తి ఆమెకు ఇచ్చెదనని శ్రీమతి రీడ్‌కు ఉత్తరము వ్రాసి యుండెను. ఆమె ఆ యుత్తరమును దాచి, పిల్ల పాఠశాలలో విషజ్వరము వచ్చి చనిపోయినదని బదులు వ్రాసినది. మూడేండ్ల తరువాత మరణశయ్యమీద గాని ఆ సంగతి చెప్పలేదు. కావున జేన్‌కు వచ్చినది ఆకాశమునుండి ఊడిపడిన ధనము కాదు. ఇంటివారు దాచియుంచగా ఆలస్యముగా అందిన ధనము. పాఠకులు దీనిని ఆకస్మిక ధన మనుచున్నారు. ఎవరికి ఆకస్మికము? దాచినవారికి కాదు గదా!

కట్టుకథ యన్న పెద్దమనిషికి మొదట సమాధానము చెప్పెదము. షార్లెట్ బ్రాంటీ పెద్దతల్లియైన ఎలిజబెత్ బ్రాన్‌వెల్ 1842లో మరణించుచు, తన సొమ్మును నలుగురు ఆడపిల్లలకు వ్రాసిపోయినది. అందు ముగ్గురు బ్రాంటీ అక్కచెల్లెండ్రు, నాలుగవ యామె వారి తల్లి తోబుట్టువులలో మఱియొకరి కూతురు. ఒక్కొక్కరికి వచ్చినది సుమారు 300 పౌండ్లు. ఆ సొమ్ముతోనే అక్కచెల్లెండ్రు మువ్వురును 1846లో తమ పద్యములను స్వంత ఖర్చుమీద అచ్చు వేయించుకొనిరి. పుస్తకము అమ్ముడుపోలేదు గాని, వారు రచయిత్రులమని ధైర్యము తెచ్చుకొనిరి. మఱుసటి యేడు ‘జేన్ ఐర్’ వెలువడినది. నవలలో నాలుగు వాటాలు ఊరక పుట్టలేదు. వ్రాసిన చేతికి నిజముగనే నాలుగవ వంతు వాటా అంది యుండెను. తఱువాతి కాలమున వర్జీనియా వూల్ఫ్ 1929లో ప్రకటించిన ‘తనకంటూ ఒక గది’ అను గ్రంథమున, కథ చెప్పు స్త్రీకి బొంబాయిలో గుఱ్ఱముమీదనుండి పడి మరణించిన అత్త యొకతె ఏటికి 500 పౌండ్ల ఆదాయము వ్రాసిపోయినట్లు కల్పించినది. స్త్రీలకు ఓటుహక్కు వచ్చిన కాలముననే ఆ వార్తయు వచ్చినదనియు, రెండింటిలో ధనమే తనకు ముఖ్యముగా తోచినదనియు ఆ స్త్రీచేత చెప్పించినది. ఓటు ఐదేండ్లకొకనాడు; కూడును, గదియును ప్రతిదినము కావలెను గదా.

ధనము స్త్రీని చెడగొట్టునన్న రెండవ అభిప్రాయము నూతనము కాదు. 1848లోనే ‘క్వార్టర్లీ రివ్యూ’ అను పత్రికలో ఎలిజబెత్ రిగ్బీ యను విమర్శకురాలు ఈ నవల క్రైస్తవ ధర్మమునకు విరుద్ధమనియు, పేదలు తమ స్థితికి గొణుగుట దేవుని యేర్పాటును తప్పుపట్టుటయే యనియు వ్రాసినది. భాష మాఱినది, దేశము మాఱినది, నూటడెబ్బదియేండ్లు గడచినవి. మా అరుగుమీద ఆ మాటయే తెలుగున వినబడినది! జేన్ మేనబావను కాదన్నదను నిందను కొంచెము పరిశీలింతము. సెయింట్ జాన్ అను ఆ మేనబావ మతప్రచారకుడై హిందూదేశమునకు వచ్చుటకు సిద్ధపడి, తన పనికి తోడు కావలెనని మాత్రమే ఆమెను పెండ్లాడ గోరెను. ప్రేమ లేదని ఆయనయే దాచలేదు. చేత చిల్లిగవ్వ లేని పిల్ల అయినచో, ఆశ్రయమిచ్చిన ఇంటివారి మాట కాదనగలిగెడిదా? వరుస కలదు గనుక మెడ వంచవలెనని మన యింట ఎందఱు పిల్లలకు చెప్పలేదు! జేన్ ధనముతో కొన్నది నగలు కాదు. కాదని చెప్పగల నోరు.

ఇప్పుడు మన చట్టము సంగతి చూతము. 13వ శతాబ్దముననే కేతన మితాక్షర ధర్మమును ‘విజ్ఞానేశ్వరీయము’గా తెలుగున వ్రాసి, ఆస్తి పంపకముల సంగతి సామాన్యులకు తెలియవలెనని శ్రమపడెను. ఆ ధర్మమున కూతురికి పుట్టుకతో వాటా లేదు. 1929లో చెంగల్పట్టున జరిగిన ఆత్మగౌరవ మహాసభ స్త్రీలకు సమాన ఆస్తిహక్కు ఉండవలెనని తీర్మానించినది. 1937 చట్టము వితంతువునకు బ్రతికినంతకాలము అనుభవించు హక్కు నిచ్చినది. 1956 హిందూ వారసత్వ చట్టము తండ్రి స్వార్జితము వీలునామా లేక మిగిలినచో భార్యకును, తల్లికిని, కొడుకులకును, కూతుండ్రకును సమభాగము లన్నది. పూర్వార్జితమున కూతురిని కొడుకుతో సమానముగా దాయాదిని చేయుట ఆంధ్రప్రదేశమున 1985 సెప్టెంబరు 5 నుండియు, మన తమిళనాట 1989 మార్చి 25 నుండియు అమలులోనికి వచ్చినది. కాని అప్పటికే పెండ్లియైన వారికి అది వర్తింపలేదు. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్రచట్టము ఆ భేదమును తీసివేసి, పెండ్లియైనను కాకున్నను కూతురు పుట్టుకతోనే దాయాది యన్నది. ఆనాటికి తండ్రి జీవించి యుండవలెనా యను సందేహమును సుప్రీము కోర్టు వినీతా శర్మ వ్యాజ్యమున 2020 ఆగస్టు 11న తీర్చి, ఉండనక్కఱలేదని చెప్పినది. 2004 డిసెంబరు 20కి పూర్వమే రిజిస్టరు పత్రముతోనో, కోర్టు డిక్రీతోనో జరిగిన పంపకములు మాత్రము చెక్కుచెదరవు.

మన తెలుగువారి యింటి వ్యాజ్యమే యొకటి ఈ విషయమున దేశమునకు దారి చూపినది. వద్దెబోయిన తులసమ్మ అను వితంతువు మనువర్తికై కోర్టు కెక్కగా, 1949లో రాజీ జరిగి కొంత ఆస్తి ఆమె కిచ్చిరి; బ్రతికినంతకాలము అనుభవింపవచ్చును గాని అమ్మరాదని కట్టడి చేసిరి. ఆమె ఆ ఆస్తిని అన్యులకు ఇచ్చినప్పుడు భర్త సోదరుడు దావా వేసెను. 1977లో సుప్రీము కోర్టు, మనువర్తి ఆమెకు మునుపే గల హక్కు గనుక, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి 1956 చట్టముచేత ఆమె సంపూర్ణ స్వత్త్వమైనదని తీర్పు చెప్పినది. ఏ నవలా రచయిత్రియు కల్పింపని కథ ఇది. ఆస్తి ఇచ్చినట్లే ఇచ్చి, తాళపుచెవి తమయొద్ద నుంచుకొనుట మన పెద్దలకు ఎఱుగని విద్య కాదు.

ఇన్ని చట్టములు వచ్చినను మన యిండ్ల జరుగుచున్న దేమి? తండ్రి పెద్దకర్మ ముగియును. ఆడపడుచులు ఊళ్ళనుండి వచ్చియే యుందురు. అన్నదమ్ము లొక పత్రమును తెచ్చి ముందు పెట్టుదురు. ‘విడుదల పత్రము’ అని దానికి పేరు. వదినెగారు చీరయు, పసుపు కుంకుమయు పళ్ళెములో పెట్టును. “సంతకము చేయమ్మా, మామూలే” అందురు. పత్రము తమిళమున నుండును. ఆ పిల్ల ఆంగ్లమున చదివినది. ఏడ్చిన కన్నులతో ఏ భాషయైనను చదువునది యెట్లు? మఱునాడు రిజిస్ట్రారు కచేరి. రహదారి ప్రక్కనున్న కాని నేల వెల పెరిగినకొలది ఈ సంతకములకు తొందర పెరిగినది. ఇష్టపూర్వకముగా చేసిన విడుదల చట్టసమ్మతమే. దానిని మేము కాదనము. కాని తన వాటా ఎంత, దాని వెల ఎంత యని చెప్పక తీసికొన్న సంతకము ఇష్టమెట్లగును? శ్రీమతి రీడ్ ఒక్క ఉత్తరము దాచినది. మనము పట్టా, చిట్టా, చట్టము మూడింటిని దాచుచున్నాము.

కట్నమిచ్చితిమి గదా యన్న మాట అన్నిటికంటె బలమైనది. ఈ మాట ఆ గృహిణి యొక్కతెది కాదు; మన సంఘమంతటిది. దీనికి సమాధానము నవలలోనే కలదు. అరుగుమీద ఎవరును దానిని తడవలేదు. పైయంతస్తులో బంధింపబడిన ఆ భార్య ఎవరు? ఆమె పేరు బెర్తా మేసన్. జమైకాలో ధనవంతుని కూతురు. ఆమె తండ్రి ఆమెతోకూడ 30,000 పౌండ్లు ఇచ్చి రాచెస్టరునకు పెండ్లి చేసెను. అనగా జేన్‌కు వచ్చిన మొత్తముకంటె ఒకటిన్నర రెట్లు. ఆనాటి ఆంగ్ల న్యాయముచేత పెండ్లియైన స్త్రీ సొమ్ము భర్త వశమగుచుండెను. ఆ దేశమున వివాహిత స్త్రీల ఆస్తి చట్టములు 1870, 1882 సంవత్సరములలో గాని రాలేదు. ధనము మగనిదైనది, ఆమెకు మిగిలినది గడియ వేసిన గది. ఆమె కథను ఆమె నోటనే చెప్పించుటకు జీన్ రీస్ 1966లో వేఱొక నవల వ్రాయవలసివచ్చినది. ఒకే పుస్తకమున ఇద్దఱు స్త్రీలు, ఇద్దఱికిని ధనము. కట్నముగా వచ్చిన ధనము ఒకతెను గదిలో పెట్టినది. తన పేర వచ్చిన ధనము రెండవ యామెను గదినుండి బయటకు తెచ్చినది. కట్నము వాటా కాదు. కట్నము అల్లునికిచ్చిన సొమ్ము. వాటా కూతురి సొమ్ము. 1961 నుండి కట్న మిచ్చుటయే నేరము. నేరమును చూపి హక్కును చెల్లువేయుట ఎక్కడి లెక్క? అత్తసొమ్ము అల్లుడు దానము చేసినట్లు, ఆడపడుచు సొమ్మును మనము మన ఔదార్యముగా చెప్పుకొనుచున్నాము.

భూమి ముక్కలగునను భయమును చూతము. రాచెస్టరు ఆ పెండ్లి ఎందుకు చేసికొనెను? ఆయన తండ్రికి తన ఎస్టేటును ఇద్దఱు కొడుకులకు పంచుట ఇష్టము లేదు. నేల యంతయు పెద్దకొడుకునకే పోవలెను. చిన్నవాడు బిచ్చగాడు కారాదు. కావున ధనముగల పిల్లను వెదకి కట్టబెట్టెను. నేల ముక్కలు కాకుండ నిలిచినది. ఒక స్త్రీ బ్రతుకును, చిన్నకొడుకు బ్రతుకును ముక్కలైనవి. చివరకు ఆ యిల్లే అగ్నికి ఆహుతియైనది. పాలారు ఒడ్డున మన సేద్యగాండ్రు మూడెకరములు నలుగురు కొడుకులకు పంచునపుడు భూమి ముక్కలగుటను గూర్చి ఇంత చింతించుట మేము చూడలేదు. ఐదవ భాగము కూతురిదని తెలిసినపుడే వారికి వ్యవసాయశాస్త్రము జ్ఞప్తికి వచ్చును. పంచుటకు వీలు కానిచో వెలకట్టి ధనమిచ్చుట అందఱు ఎఱిగిన పద్ధతియే.

“ఆడపిల్ల ‘ఆడ’ పిల్లయే గాని ‘ఈడ’ పిల్ల కాదు, ఆస్తి పరుల ఇంటికి పోవును” అందురు. 1956 చట్టము 15వ విభాగమున, తల్లిదండ్రులనుండి వచ్చిన ఆస్తిగల స్త్రీ బిడ్డలు, మనుమలు లేక వీలునామా వ్రాయక మరణించినచో, ఆ ఆస్తి భర్తవైపువారికి పోక తండ్రి వారసులకే తిరిగివచ్చునని వ్రాసియున్నది. బిడ్డలున్నచో వారికి పోవును. వారు పరులా? మన యింటి పండుగకు వచ్చినపుడు మనుమడని ఎత్తుకొందుము గదా!

ఇక మిగిలిన దొక్కటే ఆక్షేపణ. దానిని మేము తేలికగా కొట్టివేయజాలము. మనము బొమ్మినాయకుల కాలమునాటి ఇండ్లవారమైనను ఈ నేలమీద కొద్దిమందిమి. ఒక పిల్లను చిత్తూరునకును, ఒక పిల్లను బెంగుళూరునకును, ఒక పిల్లను గుడియాత్తమునకును ఇచ్చితిమి. రాకపోకలే మన బలగము. బలగమే మన తెలుగు. వాటా యడిగినచో అన్నదమ్ములు ముఖము తిప్పుకొందురు; పుట్టింటి గడప మూతపడును; మన పిల్లల నోట తెలుగు వినబడు నాలుగు దినములు కూడ పోవును. ఆడపడుచులు సంతకము చేయుట చట్టము తెలియక కాదు, ఈ భయముచేతనే యని మేమెఱుగుదుము. కాని ఈ భయమును కల్పించినవారెవరు? వాటా అడిగినవారా, ఇయ్యని వారా? ప్రతి పండుగకు ఒక చీర యిచ్చి, దానికి బదులు ఒక కాని నేల పుచ్చుకొను చుట్టఱికమును చుట్టఱిక మనవచ్చునా?

జేన్‌ను వెఱ్ఱిది యన్నవారు ఇచ్చటనే ఆమెను ఎఱుగలేదు. ఆస్తి వచ్చిన వార్త విన్నపుడు ఆమె గంతులు వేయలేదు. ఒంటరిగా ఇంత ధనము ఏమి చేసికొందునని దిగాలుపడినది. ఆ ముగ్గురు తన మేనత్త బిడ్డలని తెలిసినపుడే ఆమెకు నిజమైన ఆనందము కలిగినది. ఆ తండ్రి సోదరుడు వారికిని దగ్గఱ చుట్టమే. వీలునామాలో మాత్రము వారికి దక్కినది సంతాపపు ఉంగరములకు ముప్పది గినీలే. వీలునామా అంతయు తనదే యన్నను, న్యాయము అందఱి దనుచున్నదని జేన్ తలచినది. పంచినది, పంచి తోబుట్టువులను సంపాదించుకొన్నది. పంపకము బలగమును విఱుచునన్న మన భయమునకు ఆ నవల ఎదురు సాక్ష్యము. చట్టము తన కిచ్చినదానిని కూడ పంచినది ఆ పిల్ల; చట్టము పంచుమన్నదానిని సైతము దాచుచున్నాము మనము.

ఇచ్చట మన తెలుగు నవలలను గూర్చి ఒక మాట. 1960వ దశకమునుండి యద్దనపూడి సులోచనారాణి నవలలు ఇల్లాండ్రు ఎగబడి చదివిరి. ‘సెక్రటరీ’ 1976లో చలనచిత్రముగ కూడ వచ్చినది. పేదింటి ఉద్యోగిని, ధనవంతుడైన నాయకుడు, పెద్ద భవనము, కారు. ఇవన్నియు ఉత్తకలలని విమర్శకులు ఎగతాళి చేసిరి. మేము వేఱొక ప్రశ్న వేయుచున్నాము. మన నవలలలో నాయికకు ధనము భర్తద్వారా వచ్చుటయే గాని, తండ్రి వాటాగా వచ్చుట అంత అరుదేల? రచయిత్రులకు ఊహ చాలక కాదు. వాటా కోరిన కూతురు కథానాయిక కాగలదని పాఠకులు నమ్మెడి వారు కారు! ధనవంతుడైన భర్త దొరకుట నమ్మదగిన కలగను, తండ్రి ఆస్తిలో భాగము దొరకుట నమ్మరాని కలగను ఉండిన సంఘము ఎట్టిదో పాఠకులే తలంతురు గాక. పగటికలల దోషము చదివిన పిల్లలది కాదు. హక్కును కలగా మార్చిన యింటివారిది.

ఆ నవలలను ఎగతాళి చేయువారు ఇంకొకటి మఱచుచున్నారు. మద్రాసున అచ్చయిన వారపత్రికలను, కె. ఎన్. కేసరిగారు 1928లో స్థాపించిన ‘గృహలక్ష్మి’ని, మాలతీ చందూర్ గారి ‘ప్రమదావనము’ను పోస్టులో తెప్పించుకొని, మధ్యాహ్నపువేళ గడపలో కూర్చుండి చదివిన తల్లులవల్లనే మన యిండ్ల తెలుగు అక్షరము నిలిచినది. 2006 నుండి ఈ రాష్ట్రమున బడులలో తమిళము తప్పనిసరి యైనది. తెలుగు బడిపాఠముగా నానాటికి సన్నగిల్లుచున్నది. నేడు మన పిల్లలకు తెలుగు ఆస్తి తల్లులనుండియే రావలెను. తండ్రి వంశపు నేల కొడుకులకు, తల్లి నోటి భాష అందఱికిని అను ఈ పంపకము ఎంత విడ్డూరమైనది! తల్లులు తమ ఆస్తిని వాటాలు వేసి దాచలేదు. ఆడ, మగ యెంచక పోసిరి. మనము మాత్రము సంఘపు వేదికల మీద నాయకరాజుల వైభవమును పొగడుకొని, తాతలు నేతులు త్రాగిరని మన మూతులు చూపుచున్నాము.

ఈ దోషమునకు మేమును వెలిగా లేము. మా తండ్రిగారి పెద్దకర్మ నాటి మాపున మా అక్కచెల్లెండ్రచేత ఇట్టి పత్రముమీదనే సంతకములు చేయించితిమి. చీరలును పెట్టితిమి. వారు మాఱుమాట పలుకలేదు. ఆ మౌనమును అంగీకారమని ఇన్నియేండ్లు తలచితిమి. ఆ ముసలమ్మ మాట విన్న రాత్రి పెట్టె తీసి ఆ పత్రమును మొదటినుండి కడవఱకు చదివితిమి. మేము కూడ దానిని చదువుట అదియే మొదటిసారి! మా వాటాలోనుండి వారి భాగమును లెక్కకట్టి, సెటిల్‌మెంటు పత్రము వ్రాయింప నిశ్చయించి, ఆ సంగతి వారికి తెలిపితిమి. చిన్నచెల్లెలు ఒక్కటే అడిగినది: “మరల సంక్రాంతికి రావచ్చునా, అన్నా?” ఇన్నాళ్ళు ఆమె ఆ సంతకమును దేనికి వెలగా ఇచ్చినదో అప్పుడు గాని మాకు తెలియలేదు.

మన సంఘ సభ్యులకు మేము చేయు విన్నపము చిన్నది. వచ్చు వేసవిలో ఆడపడుచులు పుట్టిండ్లకు వచ్చినపుడు, ప్రతి కుటుంబమువారును పెట్టెలోని పత్రములను తీసి, తండ్రి ఆస్తి యెంత, పంపకము ఎన్నడు జరిగినది, ఎవరి భాగ మెంత యని తెలుగున చదివి వినిపింపుడు. విన్న పిమ్మట వాటా పుచ్చుకొందురో, అన్నదమ్ములకే విడుతురో వారి యిష్టము. తెలిసి విడిచినది దానము. తెలియక విడిచినదానికి ఏ పేరు పెట్టవలెనో పాఠకులకు చెప్పనక్కఱలేదు. ఆ తరువాత తీరికయున్నచో ‘జేన్ ఐర్’ కథను ఆ అరుగుమీదనే మఱియొకసారి చెప్పించుకొందము. అప్పుడు మన అభిప్రాయములు ఎట్లుండునో వినవలెనని మాకు కుతూహలముగా నున్నది.